కీమో మధ్యలో కూచిపూడి సాధన: దసరాకి పావుగంట అంశం చేయొచ్చా?

బెజవాడ_చెల్లెలు:

అందరికీ నమస్కారం. మా అక్క కోసం అడుగుతున్నాను. వయసు 46. చిన్నప్పటి నుంచీ కూచిపూడి, ఇంట్లోనే పిల్లలకి నేర్పుతుంది. రొమ్ము క్యాన్సర్ వల్ల ఎడమ రొమ్ము పూర్తిగా తీసేశారు, చంకలో 14 లింఫ్ గ్రంథులు తీశారు. ఆపరేషన్ అయి ఐదు నెలలు దాటింది. ఏసీ అనే రెండు మందుల కీమో నాలుగు సైకిళ్ళు అయిపోయాయి. ఇప్పుడు ప్రతి మంగళవారం పాక్లిటాక్సెల్ అనే కీమో ఇంజెక్షన్, 12లో 5 అయ్యాయి. ఆ తర్వాత రేడియేషన్ 15 సిట్టింగులు అన్నారు. క్యాన్సర్ రకం చెప్పే పరీక్షల్లో హార్మోన్ పాజిటివ్, హెర్2 నెగటివ్. ఎముకలకి ఏమీ పాకలేదు.

దసరాకి ఇంకా నాలుగున్నర నెలలుంది. మా వీధి గుడిలో పావుగంట ఆడాలని తన పట్టుదల. డాక్టరుగారు "లైట్ ఎక్సర్‌సైజ్ చేసుకోవచ్చు" అన్నారు, అంతకు మించి వివరం లేదు. ఇంట్లో పెద్దవాళ్ళు మంచం దిగొద్దంటున్నారు. నా సందేహాలు ఇవీ:

ఎడమ చెయ్యి నాట్యారంభంలో (చేతులు పక్కలకి చాచి పట్టే మొదటి భంగిమ) నిమిషం కూడా నిలవట్లేదు. ఎత్తితే చంకలో తాడులా లాగుతోంది. ఇది మామూలేనా?
అరికాళ్ళు తిమ్మిరి. అడుగు కొడితే తెలియట్లేదు అంటోంది. తరంగం (ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి ఆడే అంశం) పళ్ళెం మీదే చేయాలని తనకి ఉంది.
వారంలో ఏ రోజులు సాధన చేయాలి?
జుట్టు లేదు. ఆహార్యం సంగతేంటి?

ఫిజియో_కాకినాడ:

చెల్లెమ్మా, ముందు చెయ్యి గురించి. చంక నుంచి మోచేతి వైపు, ఒక్కోసారి బొటనవేలి దాకా, చర్మం కింద తంత్రుల్లా లేచేవాటిని కార్డింగ్ అంటారు. గ్రంథులు తీసినవాళ్ళలో తరచుగా కనిపిస్తుంది. ప్రమాదం కాదు, చాలామందికి కొన్ని నెలల్లో వదులవుతుంది. కానీ నొప్పికి భయపడి చెయ్యి ఒంటికి అతికించుకుని కూర్చుంటే భుజం బిగుసుకుపోతుంది. గట్టిగా గుంజినా తప్పే. ఫిజియో చేత చర్మాన్ని నెమ్మదిగా సాగదీయించుకుంటే త్వరగా తగ్గుతుంది.

దీనికి ఇంకో తొందర కూడా ఉంది. రేడియేషన్ ప్లానింగ్ సీటీకి, ఆ తర్వాత ప్రతి సిట్టింగుకీ ఎడమ చెయ్యి తల పైకి పెట్టి కదలకుండా పడుకోవాలి. ఇప్పటి నుంచి చెయ్యి తెచ్చుకోకపోతే ఆ బల్ల మీద చాలా అవస్థ. అంటే నాట్యానికి కావలసిందీ వైద్యానికి కావలసిందీ ఒకటే. ఇంట్లో పెద్దవాళ్ళకి ఈ మాట చెప్పి చూడండి.

నాట్యారంభంలో మోచేతులు భుజాల ఎత్తుకి వస్తాయి, అంటే 90 డిగ్రీలు. ఆపరేషన్ అయిన కొత్తలో, గాయం నీరు తీసే డ్రెయిన్ గొట్టం ఉన్నన్నాళ్ళూ అంతకు మించి ఎత్తొద్దని మేం చెప్పే హద్దు సరిగ్గా అదే. ఐదు నెలలు దాటింది కాబట్టి ఆ హద్దు ఇప్పుడు లేదు. అసలు దోషం వేరేచోట ఉంటుంది. చెయ్యి లేవకపోతే నాట్యం తెలిసినవాళ్ళు భుజాన్ని చెవి దాకా ఎగేసి మోచెయ్యి ఎత్తు సరిపెట్టేస్తారు. చూసేవాళ్ళకి భంగిమ బాగానే కనిపిస్తుంది. మెడ కండరాలు మాత్రం రెండు నిమిషాల్లో అలసిపోతాయి. అద్దం ముందు నిలబడి రెండు భుజాలకీ చెవులకీ మధ్య ఖాళీ సమానంగా ఉందో లేదో చూడమనండి. ఎడమవైపు తక్కువుంటే ఆమె మెడతో ఆడుతున్నట్టు.

చేయవలసినవి: చాప మీద వెల్లకిలా పడుకుని నాట్యారంభం పట్టాలి. చేతి బరువు నేల మోస్తుంది కాబట్టి భుజం ఎగరదు. పతాకం, త్రిపతాకం హస్తాలు (చేతి ముద్రలు) మారుస్తూ 10 సార్లు, రోజుకి రెండు పూటలు. తర్వాత గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళతో పాకించడం, పైన 5 నుంచి 10 సెకన్లు ఆపడం, 5 సార్లు. గోడకి పక్కగా నిలబడి ఇంకో 5. వారానికోసారి పెన్సిలుతో గీత పెట్టండి. గీత పైకి జరుగుతుంటే ఆమెకి వచ్చే ధైర్యం మన మాటలతో రాదు. లాగినట్టు ఉండాలి, పొడిచినట్టు ఉండకూడదు. మర్నాడు కూడా నొప్పి ఉంటే సగానికి తగ్గించండి.

వారానికి రెండు రోజులు అరలీటరు నీళ్ళ సీసా పట్టుకుని మోచెయ్యి మడిచి చాచడం, 10 సార్లు. రెండు వారాలు చూసి వాపు లేకపోతే కొంచెం పెంచండి. గ్రంథులు తీసిన చేత్తో ఏ బరువూ ఎత్తకూడదన్నది పాత మాట. మెల్లగా పెంచితే మంచిదేనని ఇప్పుడు తేలింది.

వాపు కనిపెట్టడానికి టేపు తెచ్చుకోండి. మణికట్టు దగ్గర, మోచేతి మడతకి 10 సెంటీమీటర్లు కింద, 10 పైన, రెండు చేతులకీ, వారానికి ఒక్కసారి, ఒకే వేళకి కొలిచి రాసుకోండి. కుడిచేతివాటం వాళ్ళకి కుడి చెయ్యి సహజంగానే కాస్త లావు, అది లెక్కలో పెట్టుకోండి. ఎడమవైపు ఏ చోటైనా మామూలు తేడా కంటే 2 సెంటీమీటర్లు పెరిగితే, లేదా గాజులు, జాకెట్టు చెయ్యి బిగుతుగా అనిపిస్తే వెంటనే చూపించండి. వాపుకి వేసుకునే బిగుతు తొడుగు (స్లీవు) అవసరమైతే కొలతలు తీయించుకునే కొనాలి. ఆన్‌లైన్‌లో అందాజాగా కొన్నది పైన బిగిసి కింద వదులైతే చెయ్యి ఇంకా వాస్తుంది.

రాజమండ్రి_వనజ:

అరికాళ్ళ తిమ్మిరికి రాత్రిపూట బాగా వేడినీళ్ళలో గుప్పెడు ఉప్పేసి అరగంట కాళ్ళు పెట్టమనండి. తర్వాత ఆముదం మర్దనా. చాలామందికి పనిచేస్తుంది.

కీమోవార్డు_సిస్టర్:

వనజగారూ, ఏమీ అనుకోకండి, ఈ సలహా ఈమెకి పనికిరాదు. పాక్లిటాక్సెల్ తిమ్మిరి అంటే అలసట కాదు, నరాల చివర్లు దెబ్బతినడం. వేడి తెలియదు. నీళ్ళు కాలుతున్నాయో లేదో అరికాలు చెప్పదు, బొబ్బ లేచాకే తెలుస్తుంది. కీమోలో ఆ బొబ్బ త్వరగా మానదు, చీము పట్టొచ్చు. నీళ్ళు వాడితే గోరువెచ్చగా, కుడి మోచేత్తో చూసి, ఐదు నిమిషాలు. కొబ్బరినూనె రాయొచ్చు గానీ సాధనకి ముందు వద్దు, నేల మీద జారతారు.

చెల్లీ, రోజుల సంగతి. మంగళవారం ఇంజెక్షన్‌కి ముందు డెక్సామెథసోన్ ఇస్తారు. ఆ స్టీరాయిడ్ వల్ల మంగళవారం రాత్రి, బుధవారం ఒంట్లో ఎక్కడలేని హుషారు ఉంటుంది, నిద్ర పట్టదు. అది అప్పు తెచ్చిన బలం. ఆ రోజే రెండు గంటలు ఆడేస్తారు, గురు, శుక్రవారాల్లో కీళ్ళూ కండరాలూ పీకి మంచం పడతారు. ఇంట్లోవాళ్ళు "చెప్పామా" అంటారు, అంతటితో సాధన ఆగిపోతుంది. బుధవారం కూర్చుని హస్తాలు, దృష్టిభేదాలు (కంటి చూపుల అభ్యాసం) మాత్రమే. గురు, శుక్ర ఇంట్లో పది పది నిమిషాలు నడక. శని, ఆది, సోమ అసలు సాధన. సోమవారం రక్తపరీక్ష ఉంటుంది కాబట్టి ఆ రోజు తేలిగ్గా.

ఆ రిపోర్టు ఎలాగూ చేతికొస్తుంది, దాన్ని చూసే సాధన నిర్ణయించుకోండి. హిమోగ్లోబిన్ 8 లోపు ఉంటే నిలబడి ఆడొద్దు. ప్లేట్‌లెట్లు 50,000 లోపు ఉంటే ఉత్ప్లవనాలు (గెంతులు), గట్టి అడుగులు వద్దు. 20,000 లోపైతే పూర్తిగా విశ్రాంతి. న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌ని ఎదుర్కొనే తెల్లకణాలు) 1,000 లోపు ఉంటే పిల్లల క్లాసు ఆపండి. జలుబూ దగ్గూ ఉన్న పిల్లని న్యూట్రోఫిల్స్ ఎంతున్నా ఆ వారం రావద్దనండి. జ్వరం 100.4 డిగ్రీలకి చేరితే పారాసిటమాల్ వేసి చూద్దాం అనుకోకండి. అర్ధరాత్రైనా ఆసుపత్రికి ఫోన్.

ఏసీలో ఉన్న ఎర్ర మందు, అడ్రియామైసిన్, గుండె కండరం మీద పనిచేయొచ్చు. ఎకో (గుండె స్కాన్) తీయించి ఉంటే ఆ రిపోర్టు డాక్టరుగారికి చూపించి "అరగంట నృత్యం చేయొచ్చా" అని ఆ మాటే అడగండి. "ఎక్సర్‌సైజ్" అంటే వాళ్ళు నడక అనుకుంటారు. నృత్యం అంటే అరమండిలో (మోకాళ్ళు పక్కలకి సగం మడిచి) కూర్చుని కాళ్ళు కొట్టడమని వాళ్ళకి తెలియకపోవచ్చు. ఫోన్‌లో నిమిషం వీడియో చూపించండి. ఒక అంతస్తు మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం, రెండు పాదాల వాపు, ఇవి కొత్తగా వస్తే సాధన ఆపి వెళ్ళాలి. తర్వాత టామోక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర మొదలుపెడితే ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడాన్ని "అడుగులు ఎక్కువయ్యాయి" అని వదిలేయొద్దు, రక్తం గడ్డ కట్టిందేమో చూపించాలి.

గజ్జె_మాస్టారు:

అమ్మా, నాట్యం వైపు నుంచి చెబుతాను. పళ్ళెం ఈ దసరాకి మర్చిపోండి. ఇందులో బేరం లేదు. ఇత్తడి పళ్ళెం అంచుని కాలివేళ్ళతో పట్టి నడపాలి. వేళ్ళకి స్పర్శ లేకపోతే పళ్ళెం ఎటు వాలుతోందో పడ్డాకే తెలుస్తుంది. ఆఖరి ఇంజెక్షన్ అయిన రోజునే తిమ్మిరి పోదు, నెలలు పడుతుంది. పళ్ళెం లేకుండా తరంగం సాహిత్యానికి అభినయం చేస్తే తరంగాలు రాసిన నారాయణ తీర్థులవారు ఏమీ కోప్పడరు.

అడుగు గురించి ముఖ్యమైనది. ఎంత గట్టిగా కొట్టామో మనకి చెప్పేది అరికాలే. అది మొద్దుబారితే కాలు తగల్లేదనుకుని ఇంకాస్త కొడతాం, చప్పుడు చెవికి ఆనేదాకా కొడతాం. పదిహేను నిమిషాల తర్వాత మడమ కమిలిపోయి ఉంటుంది, నొప్పి మాత్రం ఉండదు. అందుకని గజ్జెలు లేకుండా, పక్కన ఎవరైనా తాళం వేస్తుంటే, అరికాలు మొత్తం ఆన్చి పెట్టే అడుగులే, మామూలు బలంలో సగంతో. మడమ అడుగులు, మునివేళ్ళ మీద కుదుపులు వద్దు. గ్రానైటు, టైల్స్ మీద కాదు, చెక్క నేల దొరక్కపోతే పలుచటి రబ్బరు మ్యాటు. మెత్తటి స్పాంజి పరుపు మరీ ప్రమాదం, చీలమండ మడత పడుతుంది. సాధనకి ముందు నేల ఊడ్చండి. అయ్యాక చిన్న అద్దం నేల మీద పెట్టి రెండు అరికాళ్ళూ చూసుకోవాలి: కమిలిందా, గీసుకుందా, పిన్ను గుచ్చుకుందా అని.

నిలబడటానికి ముందు ఓ పరీక్ష. మూలలో రెండు గోడల మధ్య, పక్కన మీరుండగా, పాదాలు దగ్గరపెట్టి కళ్ళు మూసుకుని 30 సెకన్లు. ఊగిపోతే ఆ రోజు భ్రమరులు (గిర్రున తిరగడాలు) లేవు. ఒంటికాలి మీద కళ్ళు తెరిచి 10 సెకన్లు నిలవలేకపోతే ఒంటికాలి భంగిమలు అంశంలోంచి తీసేయండి. వేదిక మీద లైట్లు కంట్లో పడ్డప్పుడు కళ్ళు మూసుకున్నట్టే ఉంటుంది. ఇంట్లో నిలబడినవాళ్ళు అక్కడ తూలేది అందుకే.

వేగం ఎంత అంటే, తను ఆడుతూ జతి తనే నోటితో చెప్పుకోగలగాలి. "తక ధిమి తక ఝణు" నాలుగు ఆవృతాలు ఊపిరి తెగకుండా చెప్పగలిగితే సరైన వేగం. మధ్యలో మింగేస్తుంటే ఒక కాలం (వేగపు మెట్టు) తగ్గించాలి. మూడో కాలం ఈ సంవత్సరం అడగొద్దు.

ఇక పావుగంటకి ఏం చేయాలి? నేనైతే ఇలా కడతాను. మొదట అమ్మవారి స్తుతి, నాలుగు నిమిషాలు, విలంబంలో (నెమ్మది లయలో), నిలబడి. త్రిశూలం ఎత్తేది కుడిచెయ్యి, ఎడమచెయ్యి నడుము దగ్గర సింహముఖ హస్తం. చెయ్యి బాగుందని ఇంట్లో రెండువైపులా ఎత్తి చూసుకోవచ్చు, వేదిక మీద మాత్రం కుడే. తర్వాత క్షేత్రయ్య పదం ఒకటి, ఏడెనిమిది నిమిషాలు, కూర్చుని. ఇది రోగం కోసం ఇచ్చిన రాయితీ అనుకోకండి. కలావంతులు పదాన్ని కూర్చునే అభినయించేవారు, పాటలో ఒక్క పాదానికి పది సంచారులు (ఒకే మాటకి రకరకాల అభినయాలు) పట్టేవారు. కాళ్ళ మీద ఆధారపడని విద్య మన దగ్గర ముందు నుంచీ ఉంది. ఆమెకి ఈ వయసులో, ఈ అనుభవంతో, ముఖాభినయం పాతికేళ్ళ పిల్ల కంటే బాగా పలుకుతుంది, చూడండి. చివర మూడు నిమిషాలు నిలబడి చిన్న జతి, మంగళం.

ఓపిక సరిపోకపోతే రెండో దారి ఉంది, సూత్రధారి, అంటే ఆట నడిపించే పాత్ర. తలపాగా ఉంటుంది, చేతిలో కుటిలకం అనే వంకర కర్ర ఉంటుంది, మాట ఉంటుంది, తాళం ఉంటుంది. అక్క సూత్రధారిగా నిలబడి శిష్యురాళ్ళ చేత ఆడిస్తే అదీ ప్రదర్శనే. రెంటికీ సాధన చేసి పెట్టుకోమనండి. నవమికి రెండు రోజుల ముందు ఒంట్లో ఎలా ఉంటే అది.

హైదరాబాద్_రసిక:

ఆనందా శంకర్ జయంత్ గారి 2009 టెడ్ ప్రసంగం చూపించండి. 2008లో రొమ్ము క్యాన్సర్ అని తెలిశాక నాట్యాన్ని పట్టుకునే చికిత్స దాటారు. రైల్వే అధికారిగా ఉద్యోగం చేస్తూ భరతనాట్యం, కూచిపూడి ఆడినావిడ.

గజ్జె_మాస్టారు:

చూపించండి, మంచిదే. ఒక్క జాగ్రత్త: దాన్ని కొలబద్దగా మాత్రం పెట్టకండి. ఒకరి మందులు, డోసు, ఆపరేషన్ ఇంకొకరివి కావు. "ఆవిడ ఆడింది, నువ్వెందుకు ఆడలేవు" అన్న మాట ఇంట్లో ఒక్కసారి వినబడితే ఆ వీడియో చేసిన మేలంతా పోతుంది.

ఆహార్యం_మచిలీపట్నం:

బట్టల సంగతి నేను చెబుతాను.

రేడియేషన్ నడిచినన్నాళ్ళూ ఆ చోట పాన్‌కేక్, పౌడరు, పసుపు, సెంటు ఏవీ తగలకూడదు. అక్కడ పెట్టిన గుర్తులు చెరిపేయకూడదు. అందరూ పొరబడేది ఏమిటంటే, ఆఖరి సిట్టింగుతో చర్మం కుదుటపడుతుందనుకుంటారు. ఎర్రదనం, మంట అయిపోయాక ఒకటి రెండు వారాలకే ముదురుతాయి. కాబట్టి ఆహార్యంతో పూర్తి రిహార్సల్ రేడియేషన్ ముగిశాక మూడు నాలుగు వారాలకి ముందు పెట్టొద్దు. మీ లెక్కన పాక్లిటాక్సెల్ ఇంకో ఏడు వారాలు, మూడు నాలుగు వారాల విరామం, మూడు వారాల రేడియేషన్. దసరా ముందు ఐదు వారాలు మిగులుతాయి. సరిపోతుంది గానీ, మధ్యలో కౌంట్లు తగ్గి ఒక డోసు వాయిదా పడితే ఆ వెసులుబాటే కరుగుతుంది. అందుకే కుట్టుపని ఇప్పుడే మొదలుపెట్టండి.

జాకెట్టు ఎడమ చంక దగ్గర అంగుళం వదులు, లోపల మెత్తటి నూలు అస్తరు. జరీ అంచు చంకలో రాకూడదు. ఎడమచేతికి వంకీ వద్దు, కుడికి కూడా తీసేస్తే చూపు సమానంగా ఉంటుంది. గాజులు రెండు వేళ్ళు దూరేంత వదులు. మన దగ్గర ఆహార్యం అంటే పిన్నీసుల పని. ఎడమ భుజం, చెయ్యి మీద ఒక్క పిన్నీసు కూడా పెట్టకండి, హుక్కులు, వెల్‌క్రో కుట్టించండి. ఆ చేతికి చిన్న పోటు తగిలినా ఇన్ఫెక్షన్ పాకొచ్చు. ఎర్రబడి వేడెక్కి జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రి.

రొమ్ము ఆకారానికి సిలికాన్ ఫారం బరువుగా ఉంటుంది, భ్రమరిలో పక్కకి జరుగుతుంది. నూలుతో అల్లి దూది నింపినది తేలిక, చెమట పీలుస్తుంది. ఏదైనా సరే జాకెట్టు లోపల జేబు కుట్టి అందులో పెట్టాలి, ఊరికే దోపకూడదు.

జుట్టుకి: కీమో అయ్యాక మూడు నెలలకి కూడా అంగుళం, అంగుళంన్నర వస్తుందేమో. సవరం, బరువు జడ పట్టుకునే జుట్టు కాదది. తలకి సరిపోయే నూలు టోపీ, దాని మీదే కుట్టిన విగ్గు, గడ్డం కింద కనబడని ఎలాస్టిక్. రాకిడి, సూర్యచంద్రులు లాంటి తల నగలు ఆ టోపీకే కుట్టేయండి, నెత్తికి గుచ్చొద్దు. జడ వేయాలంటే పూలజడ కాకుండా లోపల స్పాంజితో చేసిన తేలిక జడ. తెర మీద జడ వేసే సత్యభామ పాత్ర మాత్రం ఈసారికి వద్దేమో. చూసేవాళ్ళ కళ్ళన్నీ జడ మీదే ఉంటాయి, ఆమె మనసూ అక్కడే ఉంటుంది.

పారాణి పెట్టొచ్చు, పాదాల మీద పుండ్లు లేకపోతే. పెట్టే ముందు అరికాళ్ళు చూడండి, పెట్టాక ఎర్రదనంలో దెబ్బ కనబడదు.

బెజవాడ_చెల్లెలు:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండీ. సోమవారం రిపోర్టు వచ్చింది: హిమోగ్లోబిన్ 9.6, ప్లేట్‌లెట్లు లక్షా 80 వేలు. నాట్యారంభం చాప మీద మొదలుపెట్టాం. ఇంకో రెండు ప్రశ్నలు. గజ్జెలు అసలు కట్టొద్దా? గుడి మండపం బండరాయి, సాయంత్రం ఆరున్నరకి కూడా వేడిగా ఉంటుంది, ఏం చేయాలి?

గజ్జె_మాస్టారు:

ఆ రిపోర్టుతో కూర్చుని, నిలబడి పది పది నిమిషాల చొప్పున రోజుకి రెండు విడతలు మొదలుపెట్టొచ్చు, శని, ఆదివారాల్లో. మూడు వారాలు ఇబ్బంది లేకుండా గడిస్తే పదిహేను చేయండి.

గజ్జెలు రేడియేషన్ అయ్యాకే. ముందు కాలికి పాతిక మువ్వలు, అవి బాగుంటే యాభై. వందా నూటయాభై ఈసారికి అక్కర్లేదు. మైకు గజ్జెల దగ్గర కింద పెట్టిస్తే యాభై మువ్వలే వంద పలుకుతాయి. తోలుపట్టీ కింద నూలుగుడ్డ రెండు మడతలు చుట్టి కట్టండి, బిగింపు కాలికి తెలియదు కాబట్టి మీరే వేలు దూర్చి చూడాలి. విప్పాక చర్మం మీద పట్టీ గీత అరగంటకీ పోకపోతే బిగుతు ఎక్కువైనట్టే.

బండకి: నాలుగింటికోసారి, ఐదున్నరకోసారి నీళ్ళు కొట్టించి పూర్తిగా ఆరనివ్వండి. తడిబండ వేడిబండ కంటే చెడ్డది. దాని మీద ప్లైవుడ్ పలకలు పరిచి సందుల్లో టేపు వేయండి. తివాచీ పరచనివ్వకండి, గుడివాళ్ళు గౌరవం కొద్దీ ఎర్ర తివాచీ వేస్తారు, దాని మడతలో బొటనవేలు తగులుకుంటుంది. ఆరింటికి మీరు చెప్పులు విప్పి పలకల మీద నిమిషం నిలబడి చూడండి. తన కాలిని మాత్రం అడగొద్దు.

కీమోవార్డు_సిస్టర్:

ఒకటి కలుపుతున్నాను. పక్కవాద్యాల దగ్గర ఒక కుర్చీ, మంచినీళ్ళు, తువ్వాలు ముందే పెట్టించండి. స్తుతికీ పదానికీ మధ్య రెండు నిమిషాలు గాయకురాలి చేత శ్లోకం పాడించండి. ఆ రెండు నిమిషాలూ అక్క కూర్చుంటే అంశంలో భాగమనే అనుకుంటారు. తిమ్మిరి చేతివేళ్ళకి కూడా పాకి బొత్తాలు పెట్టుకోవడం, తాళాలు పట్టుకోవడం కష్టమైతే తర్వాతి ఇంజెక్షన్‌కి ముందే డాక్టరుగారికి చెప్పండి, డోసు మార్చే అవకాశం ఉంటుంది. దసరా ఆగిపోతుందేమోనని దాచే పేషెంట్లు ఉంటారు. మీ అక్క దాచకుండా చూసే పని మీదే.